మోటారు సైకిలు ప్రమాదములు: రైతునకు చట్టమొసగు హక్కులు

విత్తనమును, ఎరువును, తెగుళ్లను గూర్చి చెప్పవలసిన వ్యవసాయ ప్రదర్శకులు చట్టమును గూర్చి వ్రాయనేల అని సభ్యులు కొందరు అడుగవచ్చును. దానికి మా సమాధాన మిది. పసుపు దుంపకుళ్లు వలన పోయిన పంటను మరుసటి యేట తిరిగి పండించుకొనవచ్చును. ఒక్క సాయంకాలమున రోడ్డుమీద విరిగిన కాలు మాత్రము కుటుంబమును పదియేండ్లు వెనుకకు నెట్టును. దవాఖాన ఖర్చునకై తెచ్చిన వడ్డీ అప్పు చివరకు భూమిని మ్రింగును. సంఘమునకు రావలసిన బాకీలు నిలిచిపోవుటకు అనావృష్టి యొక్కటియే కారణము కాదు. ఇట్టి ప్రమాదములును కారణములే.

మన మెట్‌పల్లి మీదుగా 63వ నంబరు జాతీయ రహదారి పోవుచున్నది. ఆర్మూరు వైపునుండి వచ్చు ఈ త్రోవ కోరుట్ల, జగిత్యాలలను దాటి మంచిర్యాల దిశగా సాగును. పసుపు మూటల లారీలు, వరికోత యంత్రములు, ట్రాక్టర్లు, ఆర్టీసీ బస్సులు, వాటి నడుమ మన మోటారు సైకిళ్లు, అన్నియు ఈ రోడ్డుమీదనే నడువవలెను. కావున ప్రమాదము జరిగిన పిదప ఏమి చేయవలెనో ముందుగనే తెలిసికొని యుండుట మేలు.

మేము చూచిన ఒక ఉదంతము

2023వ సంవత్సరమున మా పర్యటన గ్రామములలో నొకదానియందు రెండెకరముల రైతు ఒకడు పొద్దు గ్రుంకువేళ పొలమునుండి మోటారు సైకిలుపై వచ్చుచుండగా మలుపునొద్ద ఒక కారు తాకెను. కాలి యెముక విరిగెను. కారు యజమాని మంచిమాటలాడెను. పెద్దమనుషులు కూర్చుండిరి. ఇరువది వేల రూపాయలిచ్చి, ఇక నే తగాదాయు లేదని తెల్లకాగితముపై వ్రేలిముద్ర వేయించుకొనిరి. ఆ నాడు మేమును అక్కడనే యుంటిమి. "పోలీసు ఠాణాకు పోతే తిరుగుడే తిరుగుడు, రాజీ పడుడే మంచిది" అని యొక పెద్ద అనగా మేమును ఔననియే తల యూచితిమి.

నెల తిరుగకముందే గాయము చీము పట్టెను. రెండుమారులు శస్త్రచికిత్స చేయవలసి వచ్చెను. ఎనిమిది నెలల పిదప ఆ రైతు మాయొద్దకు వచ్చి, "సారూ, ఇప్పుడేమన్న దారి ఉన్నదా?" అని యడిగెను. పోలీసు కేసు లేదు, కారు నంబరు ఎవ్వరును వ్రాసికొనలేదు, గడువును దాటిపోయినది. అతని రెండెకరములలో ఒకటి అమ్ముడుపోయెను. ఆ నాడు మేము తల యూచక రెండు మాటలు చెప్పియుండినచో ఆ యెకరము నిలిచెడిదేమో. ఈ వ్యాసము వ్రాయుటకు అదియే కారణము.

మొదటి గంటలో చేయవలసిన పనులు

అన్నిటికంటె ముందు ప్రాణము. 108కు ఫోను చేయవలెను. పోలీసు సహాయమునకు 100 గాని 112 గాని పిలువవచ్చును. పోలీసులు వచ్చువరకు గాయపడినవానిని ముట్టరాదను భయము వట్టిది. పోలీసు కాగితములకొరకు వేచియుండక వైద్యుడు వెంటనే చికిత్స చేయవలెనని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పు చెప్పినది. గాయపడినవానిని దవాఖానకు చేర్చిన పుణ్యాత్ముని పోలీసులు సాక్షిగా నుండుమని బలవంతపెట్టరాదు, అతని పేరును ఊరును చెప్పుమని నిర్బంధింపరాదు. మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణలో 134-ఎ విభాగమున ఈ రక్షణ చేర్చబడినది.

2025 మే నెలలో కేంద్రప్రభుత్వము ప్రకటించిన పథకము ననుసరించి, మోటారు వాహన ప్రమాదమున గాయపడిన ప్రతివానికిని, ప్రమాదము జరిగిన నాటినుండి ఏడు దినములవరకు, ఒక లక్షా యేబది వేల రూపాయలకు మించకుండ నియమిత దవాఖానలలో నగదు లేని చికిత్స దొరకవలెను. దవాఖానలో చేర్చునప్పుడే ఈ పథకమును గూర్చియు, ఆరోగ్యశ్రీని గూర్చియు అడుగవలెను. అడుగనివానికి చెప్పువారు తక్కువ.

చికిత్స సాగుచుండగా బంధువులలో ఒకరు ఈ క్రింది పనులు చూడవలెను. తాకిన వాహనపు నంబరు వ్రాసికొనవలెను. బండ్లు పడియున్న చోటును, బ్రేకు గుర్తులను, రోడ్డు స్థితిని ఫోనుతో ఫోటోలు తీయవలెను. చూచినవారి పేర్లు, ఫోను నంబర్లు తెలిసికొనవలెను. వైద్యునితో "బండిమీదనుండి పడినాడు" అని పొడిగా చెప్పక, ఏ వాహనము తాకినది, ఎక్కడ, ఎన్ని గంటలకు అనునది చెప్పవలెను. దవాఖాన పుస్తకమున మొదట వ్రాయబడిన మాటయే తరువాత కోర్టులో బలమైన సాక్ష్యమగును. అక్కడ "తానే జారిపడెను" అని వ్రాయబడినచో దానిని మార్చుట మిక్కిలి కష్టము.

పోలీసు కాగితములు

ప్రమాదము జరిగిన వెంటనే ఠాణాలో ఫిర్యాదు వ్రాసియీయవలెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము, ప్రమాదము ఏ ఠాణా పరిధిలో జరిగినను మీరు పోయిన ఠాణావారు ఫిర్యాదును తీసికొనవలెను. మొదటి సమాచార నివేదిక నకలు ఫిర్యాదుదారునకు ఉచితముగా నీయవలెను. ఆ నకలును భద్రపరచవలెను. దానితోపాటు పంచనామా, వాహన తనిఖీ నివేదిక, గాయముల ధ్రువపత్రము, మరణము సంభవించినచో శవపరీక్ష నివేదిక, పిదప అభియోగపత్రము, వీటి నకళ్లు కావలెను.

పోలీసులకును ఒక బాధ్యత కలదు. 2022లో అమలునకు వచ్చిన నియమముల ప్రకారము వారు 48 గంటలలో మొదటి ప్రమాద నివేదికను, 90 దినములలో సమగ్ర నివేదికను క్లెయిముల ట్రిబ్యునలుకు పంపవలెను. ఆ నివేదికనే ట్రిబ్యునలు పరిహారపు అర్జీగా స్వీకరింపవచ్చును. నివేదిక పోయినదా లేదా అని ఠాణాలో వినయముగా అడుగుట మీ హక్కు.

క్రిమినలు కేసు వేరు, పరిహారపు కేసు వేరు అని కూడ గ్రహింపవలెను. మొదటిది డ్రైవరునకు శిక్ష కొరకు. రెండవది మీ నష్టము కొరకు. క్రిమినలు కేసులో నేరమును సందేహమునకు తావులేకుండ రుజువు చేయవలెను. ట్రిబ్యునలులో అంతటి రుజువు అక్కరలేదు. ఏ పక్షము మాట ఎక్కువ నమ్మదగినదో చూచి తీర్పు చెప్పుదురు. అందుచేత డ్రైవరు శిక్ష తప్పించుకొనినను పరిహారము పోయినదని తలంపరాదు.

పరిహారమునకు మూడు త్రోవలు

పూర్వము ఇట్టి దావాలు సామాన్య సివిలు కోర్టులలో ఏండ్లతరబడి నడిచెడివి. 1939వ సంవత్సరపు చట్టమునకు 1956లో సవరణ చేసి, వీటికై ప్రత్యేక ట్రిబ్యునళ్లు ఏర్పరచుటకు వీలు కల్పించిరి. ఇప్పుడున్నది 1988వ సంవత్సరపు చట్టము; 1989 జూలై 1న అమలునకు వచ్చినది. దానియందు మూడు త్రోవలు కలవు.

మొదటిది 166వ విభాగము. ఎదుటివాని నిర్లక్ష్యమును చూపి పూర్తి నష్టమును కోరు త్రోవ యిది. పరిమితి లేదు, ఎంత నష్టము రుజువైన నంత దొరకును. ప్రమాదము జరిగిన చోటి ట్రిబ్యునలులో గాని, మీరు నివసించు ప్రాంతపు ట్రిబ్యునలులో గాని, ప్రతివాది యుండు ప్రాంతములో గాని అర్జీ వేయవచ్చును. కావున నిజామాబాదు దగ్గర ప్రమాదము జరిగినను మెట్‌పల్లి రైతు తన జగిత్యాల జిల్లాలోనే అర్జీ వేసికొనవచ్చును. 2022 ఏప్రిలు 1 నుండి ఈ అర్జీకి ఆరు నెలల గడువు పెట్టబడినది. గడువు దాటినదను ఒక్క కారణమున అర్జీలను కొట్టివేయవలదని సుప్రీంకోర్టు 2025 నవంబరులో మధ్యంతరముగా ఆదేశించినది. కావున ఆలస్యమైనవారు నిరాశపడక వకీలు నడుగవలెను. గడువు లోపలనున్నవారు మాత్రము ఆ ఆదేశమును నమ్ముకొని కాలయాపన చేయరాదు.

రెండవది 164వ విభాగము. ఇందులో ఎవరి తప్పో రుజువు చేయ నక్కరలేదు. మరణమునకు 5 లక్షలు, తీవ్రమైన గాయమునకు రెండున్నర లక్షలు వాహన యజమాని గాని బీమా కంపెనీ గాని ఈయవలెను. త్వరగా దొరకునదే, కాని జాగ్రత్త. చట్టములోని పద్ధతి ప్రకారము ఈ సొమ్మును అంగీకరించి తీసికొనినచో ట్రిబ్యునలులోని పెద్ద అర్జీ రద్దగును. కావున మీ నష్టము ఎక్కువగా నున్నచో వకీలును సంప్రదింపక ఏ కాగితముపైనను సంతకము చేయరాదు.

మూడవది, తాకిన వాహనము నిలువక పారిపోయి ఆచూకీ దొరకనప్పటిది. అప్పుడును మీరు దిక్కులేనివారు కారు. 161వ విభాగము ప్రకారము మరణమునకు 2 లక్షలు, తీవ్రమైన గాయమునకు 50 వేల రూపాయలు దొరకును. దీనికి కోర్టునకు పోనక్కరలేదు; రెవెన్యూ అధికారియే విచారణాధికారి. ఆర్డీఓ కచేరీలో గాని తహసీలు కచేరీలో గాని అడిగి దరఖాస్తు వేయవలెను. ఈ పథకమును ఎరిగినవారు మన గ్రామములలో మిక్కిలి అరుదు.

లెక్క కట్టు విధము

ట్రిబ్యునలు తోచినంత యిచ్చునని కొందరి భ్రమ. అట్లు కాదు, లెక్కకు పద్ధతి కలదు. సుప్రీంకోర్టు 2009లో సర్లా వర్మ కేసులోను, 2017లో ప్రణయ్ సేథీ కేసులోను దానిని స్థిరపరచినది. ఒక ఉదాహరణము చూడుడు.

ముప్పదియెనిమిది యేండ్ల రైతు మరణించెననుకొందము. భార్య, ఇరువురు పిల్లలు, తల్లి, ఈ నలుగురు అతనిపై ఆధారపడినవారు. నెలకు 12,000 రూపాయల సంపాదన రుజువైనది. సాలుకు 1,44,000. నలుబది యేండ్లలోపువాడు గావున ముందు పెరుగబోవు సంపాదన క్రింద నూటికి నలుబది కలుపుదురు: 2,01,600. నలుగురు ఆధారపడినవారున్నందున అతని సొంత ఖర్చు క్రింద నాల్గవ వంతు తీసివేయుదురు: 1,51,200 మిగులును. 36 నుండి 40 యేండ్ల వయస్సువారికి గుణకము 15. దానితో గుణించగా 22,68,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు మొదలగు పద్దులు దీనికి అదనము. ఇట్టి కుటుంబము లక్ష రూపాయలకు రాజీపడి వ్రేలిముద్ర వేసిన పోగొట్టుకొనున దెంతయో మీరే లెక్కించుకొనుడు.

గాయపడినవారి లెక్క కొంత వేరు. దవాఖాన ఖర్చు, మంచముపట్టిన కాలపు సంపాదన, ముందు కావలసిన చికిత్స, పడిన బాధ, వీటిని విడివిడిగా కట్టుదురు. అవయవము శాశ్వతముగా చెడినచో, వైద్యుడు వ్రాసిన వికలాంగత శాతమునే పట్టుకొనక, దానివలన ఆ మనిషి సంపాదన శక్తి ఎంత తగ్గినదో చూడవలెనని 2010లో రాజ్‌కుమార్ కేసున సుప్రీంకోర్టు చెప్పినది. ఇది రైతునకు మిక్కిలి ముఖ్యము. మోకాలు వంగనివాడు కచేరీలో కుర్చీపై కూర్చుండి వ్రాయగలడు. వరిమడిలో దిగి నాటు వేయలేడు, నాగలి పట్టలేడు. ఒకే గాయము ఇద్దరికి రెండు విధముల నష్టము. మీ పని యెట్టిదో ట్రిబ్యునలుకు వివరముగా చెప్పించుడు.

స్త్రీల విషయము కూడ చెప్పవలెను. ఇంటిపని చేయు స్త్రీకి సంపాదన లేదను వాదము చెల్లదు. ఆమె శ్రమకు వెల కట్టి పరిహారము లెక్కింపవలెనని 2021లో కీర్తి కేసున సుప్రీంకోర్టు స్పష్టము చేసినది. నాట్లు వేయుచు, పశువులు మేపుచు, పిల్లల సాకుచున్న మన యింటి ఆడవారి పని తక్కువది కాదు.

రైతు సంపాదనకు రుజువు

ఇక్కడనే మనవారు ఎక్కువగా ఓడిపోవుచున్నారు. ఉద్యోగికి జీతపు చీటి కలదు. రైతునకు ఏమి కలదు? పట్టాదారు పాసుపుస్తకము, మార్కెట్ యార్డులో అమ్మినప్పుడు వచ్చు తక్‌పట్టీ, ధాన్యము కొనుగోలు కేంద్రపు రసీదు, పాలకేంద్రపు పుస్తకము, మన సంఘపు ఋణఖాతా, బ్యాంకు పుస్తకము. తక్‌పట్టీలను చించి పారవేయు అలవాటు మానవలెను. వాటిని ఒక సంచిలో వేసి యేడేడాది కట్టకట్టి యుంచుడు.

ఇంకొక చిక్కు కలదు. "రైతు పోయినను భూమి ఉన్నది గదా, పంట నిలువలేదు గదా" అని బీమా కంపెనీ వకీలు వాదించును. ఆ వాదములో కొంత నిజమున్నదని కోర్టులు ఒప్పుకొనుచున్నవి. భూమి మిగులును, పోయినది దానిని నడిపించు చేతులును తెలివియును. కావున ప్రమాదము తరువాత ఎవరిని జీతమునకు పెట్టవలసి వచ్చినది, ఎంత యిచ్చితిరి, కౌలుకిచ్చినచో ఆదాయము ఎంత తగ్గినది, ఈ వివరములను కాగితముపై పెట్టుడు.

మన బండి, మన పూచీ

ఇంతవరకు ఎదుటివాని తప్పును గూర్చి చెప్పితిమి. మన తప్పులనుకూడ చూచుకొనవలెను.

బీమా లేని బండి రోడ్డెక్కరాదు. 2018 సెప్టెంబరు నుండి క్రొత్త మోటారు సైకిలుకు ఐదేండ్ల మూడవపక్షపు బీమా ఒకేమారు కట్టించుచున్నారు. ఆ ఐదేండ్లు గడచిన పిదప మరల కట్టవలెనను సంగతి అనేకులు మరచుచున్నారు. బీమా లేని బండి ఎవరినైన తాకినచో పరిహార మంతయు యజమాని ఆస్తినుండియే రావలెను. నేడే మీ కాగితము తీసి తేదీ చూచుకొనుడు.

మూడవపక్షపు బీమా ఇతరులకొరకే. బండి యజమాని తానే జారిపడినచో దానివలన ఏమియు రాదు. దానికై 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా వేరుగా కలదు. మరణమునకును శాశ్వత వికలాంగతకును అది వర్తించును. డ్రైవింగు లైసెన్సు తప్పక యుండవలెను. వెనుక కూర్చుండువారికిని మూడవపక్షపు బీమా మాత్రమే గల పాలసీ ఆధారము కాదు. ప్యాకేజీ పాలసీ కావలెను.

బండి అమ్మినప్పుడు తెల్లకాగితముతో సరిపుచ్చరాదు. రవాణా కచేరీలో ఎవరి పేరున్నదో వారే యజమాని యని 2018లో నవీన్ కుమార్ కేసున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఎన్నడో అమ్మిన బండి నేడు ఎవరినో తాకిన నోటీసు మీ యింటికే వచ్చును.

మైనరు పిల్లల చేతికి బండి యీయరాదు. 199-ఎ విభాగము ప్రకారము తండ్రి గాని యజమాని గాని మూడేండ్ల జైలునకు, 25 వేల జరిమానాకు లోబడును. హెల్మెటు లేకపోవుట గాని, ముగ్గురెక్కుట గాని పరిహారమును పూర్తిగా పోగొట్టదు. ప్రమాదమునకు అదియే కారణమని రుజువైన భాగము తగ్గవచ్చును. ముగ్గురెక్కినంత మాత్రముననే తప్పు అంటగట్టరాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పినది. కాని చట్టము తలను తిరిగి అతికింపలేదు గదా.

రోడ్డుపై ధాన్యము

ఇది చెప్పక తప్పదు. కోతల కాలమున వడ్లను, మక్కలను రోడ్డుపై ఆరబోసి, రాళ్లు పేర్చి, రాత్రి నల్లని టార్పాలిను కప్పి యింటికి పోవుదుము. చీకటిలో ఆ రాశిని తాకి పడువాడును మనవంటి రైతే, మన పొరుగూరి వాడే. దారి కడ్డము కల్పించుట భారతీయ న్యాయ సంహిత 285వ విభాగము క్రింద నేరము. మనిషి మరణించినచో కేసు ఇంకను బరువగును. కల్లములు చాలవని మాకు తెలియును. సంఘముగా కలిసి ఆరబెట్టు వేదికలకై అడుగుదము. అంతవరకు గ్రామ ఖాళీస్థలములను వాడుకొందము. పరిహారము కోరు హక్కు గలవారికి ఇతరుల ప్రాణమును కాపాడు పూచీయు కలదు.

ఇతర ఆధారములు

2018 ఆగస్టున ప్రారంభమైన రైతు బీమా క్రింద 18 నుండి 59 యేండ్ల పట్టాదారు ఏ కారణమున మరణించినను కుటుంబమునకు 5 లక్షలు. బ్యాంకు ఖాతాదారులకు సాలుకు 20 రూపాయలతో 2 లక్షల ప్రధానమంత్రి సురక్షా బీమా కలదు. జీవిత బీమా సొమ్ము వచ్చినదని ట్రిబ్యునలు పరిహారమును తగ్గింపరాదని 1998లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావున రెంటిని కోరుకొనవచ్చును.

వకీలునకు ఇచ్చు శక్తి లేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోవలెను. స్త్రీలకు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి, వికలాంగులకు, ఆదాయము తక్కువగల వారికి ఉచితముగా వకీలును నియమింతురు. 15100 నంబరుకు ఫోను చేసి అడుగవచ్చును. లోక్ అదాలతులో రాజీపడుట మంచిదే, త్వరగా తీరును. కాని అక్కడి తీర్పుపై అప్పీలు లేదు గావున లెక్క చూచుకొనియే ఒప్పుకొనవలెను. వచ్చు సొమ్ములో ఇంత వంతు నాకని ముందే కాగితము వ్రాయించుకొను మధ్యవర్తులను దగ్గరకు రానీయకుడు.

రాజీ తప్పని మేము చెప్పము. ఊరిలో కలిసి మెలిసి బ్రతుకవలసిన వారము. కాని ఫిర్యాదు నమోదై, వైద్యుడు గాయము ఎట్లు మానునో చెప్పి, లెక్క తెలిసిన పిదప చేసికొనునదే రాజీ. నెత్తురు ఆరకముందే వేయించుకొను వ్రేలిముద్ర రాజీ కాదు. ఇకమీదట ఏ గ్రామమున నైనను అట్టి కూటమిలో మేము కూర్చుండవలసి వచ్చినచో మొదట అడుగు ప్రశ్న "ఠాణాలో కాగితమైనదా?" అనునదే. సభ్యులును ఆ ప్రశ్ననే అడుగవలెనని మా ప్రార్థన.